ఏడు హాలీలు... ఆరు కల్దార్లు!

హైదరాబాదులో మింట్ కాంపౌండ్ అంటే ఇప్పటివాళ్లకి గుర్తొచ్చేది కరెంటు ఆఫీసు. విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే మరి! సచివాలయం పక్కన, ట్రాఫిక్ హోరులో ఉన్న ఆ ఆవరణకు ఆ పేరెందుకు వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. ఒకప్పుడు అక్కడ ఓ రాజ్యం తన సొంత రూపాయిని అచ్చేసుకుంది. ఆ రూపాయికీ, సరిహద్దు అవతలి రూపాయికీ మధ్య మారకం లెక్క చూస్తే ఎంతటి కరణానికైనా కళ్లు తిరగాల్సిందే.

సైఫాబాద్ టంకశాల 1903లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మొదలైంది. చార్మినార్ బొమ్మ రూపాయి వచ్చిందీ అప్పుడే. నాణెం మీది చార్మినార్ ద్వారాన్ని కాస్త పట్టి చూస్తే అందులో ఓ ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ హయాంలో అది 'మీమ్'. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక 'ఐన్' అయింది. రాజు మారితే చార్మినార్ అక్కడే ఉంది, గుమ్మంలో అక్షరం మాత్రం మారింది.

జనం ఈ రూపాయిని 'హాలీ' అన్నారు. చలామణిలో ఉన్నది అని అర్థం. ఉస్మానియా సిక్కా అన్నదీ ఇదే. బ్రిటిష్ ఇండియా రూపాయిని 'కల్దార్' అన్నారు. కల్ అంటే యంత్రం. నిజాం నాణేలను చేత్తో కొట్టే రోజుల్లో ఇంగ్లిషువాళ్లవి యంత్రం మీద తయారయ్యేవి కాబట్టి ఆ పేరు. తర్వాత సైఫాబాదుకూ యంత్రాలు వచ్చాయి. అయినా కల్దార్ కల్దారే, హాలీ హాలీయే!

రెండూ రూపాయిలే. రెండింటికీ పదహారు అణాలే. కానీ విలువ ఒకటి కాదు. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో స్వచ్ఛమైన వెండి దాదాపు 10.7 గ్రాములు. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి దాదాపు 9.1 గ్రాములే. ఈ రెంటినీ తూకం వేసుకుంటే ఇంచుమించు ఆరుకు ఏడు. సర్కారు లెక్కా అదే... ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు.

వినడానికి తేలికే. చిల్లర దగ్గరికొస్తేనే చిక్కంతా. ఒక కల్దార్‌కు ఒక హాలీ రూపాయి, రెండు అణాలు, ఎనిమిది పైలు. వంద కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు! అణాకు పన్నెండు పైలని గుర్తుపెట్టుకుని మరీ వేయాలి ఈ లెక్క. పైగా షరాబు దగ్గర మార్చుకుంటే వట్టం వేరే. బజారు ధర ఎప్పుడూ సర్కారు ధరలాగే ఉంటుందన్న భరోసా లేదు.

ఈ లెక్క తప్పించుకోవడానికి ఊరు దాటితే సరిపోయేది కాదు. హైదరాబాదులో హాలీ, పక్కనే ఇంగ్లిషు దండు ఉన్న సికింద్రాబాదు కంటోన్మెంటులో కల్దార్. హుస్సేన్‌సాగర్ గట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే డబ్బు మారిపోయేది! అటు బెజవాడ వైపు చూస్తే కోదాడ నిజాంది, జగ్గయ్యపేట ఇంగ్లిషువాళ్లది. వీటికి తోడు మునగాల పరగణా... చుట్టూ నిజాం ఇలాకా, అదొక్కటీ కృష్ణా జిల్లాలో భాగం. ఇటూ అటూ మాట్లాడేది తెలుగే. చుట్టరికాలూ కలిసినవే. సొమ్ము మాత్రం వేరు. అందుకే పాత దస్తావేజుల్లో, కోర్టు కాగితాల్లో వట్టి 'రూపాయలు' అని వదిలేయకుండా సిక్కా ఉస్మానియా అనో, కల్దార్ అనో స్పష్టంగా రాసుకునేవారు. ఆ ఒక్క మాట మరిస్తే ఏడు రూపాయల అప్పులో ఒక రూపాయి గల్లంతే!

1918లో చట్టం చేసి నిజాం సర్కారు కాగితం నోట్లూ తెచ్చింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషు కనిపిస్తాయి. అచ్చు మాత్రం లండన్‌లో. 1922లో బొంబాయికి వస్తున్న 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగిపోయింది. పదేళ్ల తర్వాత అందులోని బంగారం కోసం సముద్రంలోకి దిగినవాళ్లకు హైదరాబాదు నోట్ల కట్టలు కూడా దొరికాయట!

తర్వాత వెండి పలచబడింది. 1940లో బ్రిటిష్ రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, హైదరాబాదూ అదే బాట పట్టింది. నాణేల్లో అసలు సరుకు తగ్గినా ఏడు-ఆరు లెక్క చెక్కుచెదరలేదు.

అది దుకాణం దాటి ఢిల్లీకి చేరింది 1947లో. ఆ నవంబరు 29న భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. కొద్దిరోజులకే హైదరాబాదు సర్కారు భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. పాకిస్తాన్‌కు ఇరవై కోట్ల రూపాయల అప్పు ఇవ్వజూపిన సంగతీ అప్పుడే బయటికొచ్చింది. ఒప్పందాన్ని ఉల్లంఘించారని ఢిల్లీ మండిపడింది. చేతిలో కల్దార్లున్న సామాన్యుడి అవస్థ ఏ పక్షానికీ పట్టినట్టు లేదు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, నిజాం పాలన ముగిసింది.

రూపాయి మాత్రం అంత తొందరగా పోలేదు. 1950లో టంకశాల కేంద్రం చేతికి వెళ్లింది. భారత రూపాయి వచ్చినా హాలీ కూడా కొన్నాళ్లు పక్కపక్కనే నడిచింది, అదే ఏడు-ఆరు లెక్కన! 1951 తర్వాత కొత్తవి విడుదల చేయలేదు. పూర్తిగా రద్దయింది 1959లో. అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడేళ్లకి.

నాణేల తయారీ 1997లో చర్లపల్లికి తరలిపోయింది. సైఫాబాద్ పాత భవనాన్ని 2022లో మ్యూజియంగా తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలోనూ పాత నాణేల సంపద బోలెడుంది. పిల్లలతో వెళ్తే చార్మినార్ గుమ్మంలో అక్షరం వెతకమనండి.

అంత దూరం వెళ్లే తీరిక లేకపోతే ఇంట్లో ఉన్న చిల్లరే తీసి చూడండి. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం కనిపిస్తే, ఆ నాణెం హైదరాబాదులో పుట్టిందే.