నార్పల చీనీ తోటలో నీటి లెక్క

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో, నార్పల మండలంలోని ఒక చీనీ (బత్తాయి) తోటకు వెళ్లాను. రైతు నన్ను నేరుగా బోరు దగ్గరికి తీసుకెళ్లి, ఇసుక ఫిల్టరు, దాని పక్కనే జల్లెడ ఫిల్టరు చూపించాడు. “ఇవి కడక్కపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయి నాయనా. చెట్టు వాడినాక గానీ మనకు తెలీదు” అన్నాడు. వెంచురీ గొట్టంతో యూరియా నీళ్లు వేరు దగ్గరికే పంపుతున్నాడు. ఉడతలు కొరికిన పైపులకు జాయినర్లు వేయడం రోజూ ఉండే పనే.

తోటలో నిలబడే లెక్క వేశాం. చెట్ల మధ్య ఎటు చూసినా 6 మీటర్ల ఎడం, అంటే ఎకరాకు సుమారు 112 చెట్లు. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు. ఒక్కొక్కటి గంటకు 8 లీటర్లు వదులుతుంది. ఎండాకాలం రోజుకు మూడు గంటలు వదిలితే వారానికి ఎకరాకు దాదాపు 75 వేల లీటర్లు. అదే తోటంతా పారగట్టి వారానికోసారి రెండంగుళాల తడి ఇస్తే రెండు లక్షల లీటర్లు దాటుతుంది.

యంత్రాల లాభం కూడా ఈ పొదుపుతోనే ముడిపడి ఉంది. సాళ్ల మధ్య నేల పొడిగా ఉంటుంది కాబట్టి కలుపు తక్కువ. తడి ఆరేదాకా ఆగకుండా చిన్న ట్రాక్టరు ఎప్పుడైనా దిగుతుంది. పక్క చేలో టమాటాకు బోదె తోలడం, డ్రిప్పు పైపు పరవడం, మల్చింగ్ షీటు కప్పడం ఒకే యంత్రం చేసేస్తోంది. వేరుశనగలో మాత్రం తిప్పలే: గుంటక తోలాలంటే ముందు పైపులన్నీ చుట్టాలి, తర్వాత మళ్లీ పరవాలి. ఆ కూలి రైతు మీదే పడుతుంది.

మరి నీటి ఖర్చెంత? 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఉంది కాబట్టి నీళ్లు మిగిలినా బిల్లు తగ్గదు. రైతుకు అసలు ఖర్చు బోర్లదే. ఈయన నాలుగు వేస్తే ఒక్కదాంట్లోనే నీళ్లు పడ్డాయి. డ్రిప్పుతో మిగిలిన నీటికి మరో రెండెకరాల్లో మొక్కలు పెట్టాడు. అప్పుల్లో ఉన్న మనిషి అలా చేయడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఊరంతా అదే దారి పడితే చేలో మిగిలిన నీరు భూగర్భంలో మిగలదు. పారుడు నీటిలో కొంతైనా తిరిగి కిందికి ఇంకేది. ఇప్పుడు అదీ తగ్గింది.

డ్రిప్పు వంటి సూక్ష్మసేద్యం కోసమే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక ప్రాజెక్టు మొదలుపెట్టింది. సన్న, చిన్నకారు రైతులకు డ్రిప్పు మీద ఇచ్చే రాయితీ పెద్ద అండ. దాన్ని తగ్గించమని నేను అనను. అయితే పైపులతో పాటు ఊరి నీటి పద్దు కూడా రావాలి. భూగర్భ జలాలను రైతులే చూసుకునేలా చేసిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ పథకం ఏడు కరువు జిల్లాల్లో ఆ పని చేయించింది. వాన ఎంత పడింది, బోర్లలో మట్టం ఎంతుంది అని రైతులే కొలిచి, రబీకి ముందు కూర్చుని ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. రాయితీ ఇచ్చే ప్రతి ఊళ్లోనూ ఆ సమావేశం జరగాలి. సాగు విస్తీర్ణానికి ఊరే ఒక హద్దు పెట్టుకుంటే, ఒక్కో చేలో మిగిలే నీరు అందరి బోర్లనూ నిలబెడుతుంది.