మాణిక్యాంబగారేమన్నారో!

వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ ఇన్నాళ్ళకి పూర్తిగా చదివాను. 1878 నాటి నవల, పైగా కథ మన ధవళేశ్వరానిది. భాష కాస్త బరువేగానీ చదివిస్తుంది. బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడుగారు ఇంట్లో బంగారమంతా అప్పగిస్తారు. వాడు దాంతో ఉడాయిస్తాడు. సరే, మరి ఇల్లాలు మాణిక్యాంబగారి మాటో? మా వీధిలో చీటీ డబ్బు మునిగితేనే వారంరోజులు రాద్ధాంతమైంది! పంతులుగారు ఆవిడచేత నేననుకున్నంత మాట్లాడించలేదనే నా ఫిర్యాదు.

ఆ వెంటనే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథ ‘అరికాళ్ళకింద మంటలు’ పట్టుకున్నాను. అందులో అన్నీ మాటలే. భర్త పోయిన ఆ పడుచుపిల్లకి ఇంటిల్లిపాదీ పనులు పురమాయించడమే. ఒకరి పని అవకుండానే ఇంకొకరి కేక. రచయిత ఎక్కడా ‘అయ్యో పాపం’ అనడు. ఆ కేకలు వింటుంటే మనకే అరికాళ్ళు మండుతాయి. వేదం చదివిన ఇంట పుట్టిన శాస్త్రిగారికి ఆడవాళ్ళ వంటింటి మాట ఇంత బాగా ఎలా పట్టుబడిందో!

చివరికి ఆ పిల్ల జట్కా ఎక్కి వెళ్ళేదెక్కడికనుకున్నారు? రాజమండ్రిలో వీరేశలింగంగారి తోటకే! 1881 డిసెంబరు 11న అక్కడ తొలి వితంతు వివాహం చేయించిన పంతులుగారి దగ్గరికే. నవలమీద నాకున్న కోపం ఆ జట్కా దగ్గర సగం చల్లారింది. అయినా మా అమ్మాయికి చదవమని ముందిచ్చింది మాత్రం శాస్త్రిగారి కథే.