ఎన్నింటికి వెలగలేదు?

12 నవంబరు 2024, మంగళవారం – బందరు

నాగాయలంక డీటీపీ అమ్మాయి సీపీయూని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. “పొద్దున్నే నొక్కితే ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోతోంది బాబాయ్ గారూ. నొక్కగా నొక్కగా ఎప్పటికో లేస్తుంది. లేచిందంటే రాత్రి దాకా ఢోకా లేదు.”

బల్ల మీద పెట్టి నొక్కాను. వెంటనే డిస్‌ప్లే. “చూశారా, నన్ను అబద్ధాలకోరుని చేసింది” అంది.

ముందు బటన్‌ని అనుమానించాలి. దాని వైరు పీకి, బోర్డు మీది రెండు పిన్నులూ స్క్రూడ్రైవరుతో కలిపినా అలాగే వెలిగింది. సీఎమ్మాస్ బ్యాటరీ నిండు 3 వోల్టులు. ఎస్‌ఎంపీఎస్‌ని (పవర్ సప్లైని) విడిగా తీసి ఆకుపచ్చ వైరుని నల్ల వైరుకి తగిలించాను, తిరిగింది. 12 వోల్టుల లైను 11.9, 5 వోల్టులది 5.05. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి వంక పెట్టడానికి లేదు.

డబ్బులు తీసుకోలేదు. ఆర్డరు పుస్తకం వెనక పేజీల్లో రాయమన్నాను: ఎన్నింటికి నొక్కావు, ఎన్నింటికి లేచింది, అప్పుడు ట్యూబ్‌లైటు ఎలా వెలుగుతోంది.

14, గురువారం – చిలకలపూడి

రోల్డ్ గోల్డ్ పని చేసే పెద్దాయన ఇంట్లో కంప్యూటరు, డిస్‌ప్లే రావట్లేదని కబురు. ర్యామ్ తీస్తే పళ్ల మీద పచ్చటి మరక. మా షాపు కుర్రాడు రబ్బరు పట్టుకుని రుద్దబోయాడు. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని అడ్డుపడ్డాడు. “ఆగవయ్యా, అది పూతేగా! అట్లా గీకితే కింద రాగి బయటపడదూ?” నిజమే. ఆ పళ్ల మీద బంగారం మైక్రాన్ కూడా ఉండదు. స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి పెడితే వచ్చింది.

ఈ ఊళ్లో ఉప్పుగాలి సంగతి చెప్పేదేముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరవుతుంది. ఆ నీరు కరెంటుకి దారి ఇస్తుంది, రాగిని తింటుంది.

17, ఆదివారం – గుడివాడ

రైస్ మిల్లు ఆఫీసు. గుమస్తా గారిదీ అదే మాట: “కంప్యూటరు ఆన్ అవట్లేదండీ.” నిలబడి చూస్తే ఆన్ అవుతోంది. కాసేపు నడిచి ఆగుతోంది, వెంటనే నొక్కితే లేవదు, చల్లారాక లేస్తుంది. మూత తీస్తే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ సందుల్లో తవుడు గట్టిగా పట్టేసి ఉంది. బ్లోయరు కొట్టి, థర్మల్ పేస్టు మార్చాను.

ఇది వేడెక్కాక పడిపోయే యంత్రం, నాగాయలంకది వేడెక్కాక గానీ లేవనిది. ఇద్దరూ చెప్పేది ఒకే మాట. గడియారం అడక్కపోతే రెండింటికీ ఒకే మందు రాసేస్తాం.

19, మంగళవారం

తెల్లారకుండానే ఆ అమ్మాయి ఫోను. 1977లో ఉప్పెన వచ్చిన రోజు ఇవాళ. నివాళి ఫ్లెక్సీ ఫైలు పొద్దున్నే అవనిగడ్డకి పంపాలిట, సీపీయూ లేవట్లేదు. “లేచేదాకా ఆగమ్మా. ఈలోపు నువ్వు రాసింది చదువు” అన్నాను.

చదివింది. అయిదున్నరకి నొక్కిన రోజుల్లో లేవలేదు, ఎనిమిది దాటాక నొక్కిన రోజున ఠక్కున లేచింది. తెల్లవారుజామున ట్యూబ్‌లైటు కొట్టుకుంటోందని కూడా రాసుకుంది. ఆ వేళకి అక్కడి రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. రొయ్యకి ఊపిరాడాలంటే మోటార్లు ఆ గంటలోనే గట్టిగా తిరగాలి. లైను మీద బరువంతా అప్పుడే.

21, గురువారం – నాగాయలంక

రాత్రి అవనిగడ్డలో చుట్టాలింట్లో పడుకుని చీకటితోనే వెళ్లాను. ప్లగ్గులో మల్టీమీటరు పెడితే 172 వోల్టులు. సీపీయూ ఉలిక్కిపడి ఆగింది. పక్క మందుల కొట్టులో కంప్యూటరు అదే కరెంటు మీద హాయిగా నడుస్తోంది. తప్పంతా లైనుదే అనడానికి వీల్లేదు.

ఎండ వచ్చి మోటార్లు సద్దుమణిగాక 221. నొక్కగానే లేచింది.

23, శనివారం – బందరు

సీపీయూని వెంట తెచ్చి డిమ్మర్‌స్టాట్ మీద పెట్టాను. రాత్రంతా చల్లగా ఉంచి, పొద్దున 170కి దించి నొక్కితే నాగాయలంక తెల్లవారుజాము బందరు బల్ల మీదికి వచ్చేసింది. స్టాండ్‌బై లైను ఊదా వైరు మీద 5 ఉండాల్సింది నొక్కినప్పుడల్లా 4.2కి జారుతోంది.

ఎస్‌ఎంపీఎస్ విప్పేముందు కుర్రాడికి మళ్లీ చెప్పాను: ప్లగ్గు పీకేసినా లోపల పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు, ముందు అది పోనివ్వాలి. అందులో దాగే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 230 నుంచి 170కి దిగితే మిగిలేది సగం పైచిలుకే. హీట్‌సింక్ పక్కన స్టాండ్‌బై లైను కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. లోపలి ద్రవం ఆరిపోయినది చల్లగా ఉంటే మరీ మొరాయిస్తుంది.

ఎండిన కెపాసిటర్ ఒక్కటే అయితే బందరు కరెంటుతో నెట్టుకొచ్చేది. లో వోల్టేజీ ఒక్కటే అయితే మందుల కొట్టులో లాగా తట్టుకునేది. రెండూ, పైన చలీ, కలిసేది ఆ వేళలోనే.

10 వోల్టులు, 1000 మైక్రోఫారాడ్, 105 డిగ్రీలది వేశాను. చల్లారబెట్టి 170 మీద నొక్కితే లేచింది.

25, సోమవారం

అమ్మాయి వచ్చి తీసుకెళ్లింది. స్టెబిలైజరు కూడా పెట్టుకోమన్నాను. కెపాసిటర్‌కి పది రూపాయలు, మిగతాది మజూరీ అని బిల్లులో విడివిడిగా రాశాను. “పది రూపాయల దానికా ఇంత గొడవ!” అంది. వెతుకులాటకే ఖర్చమ్మా అన్నాను. “ఇంకా రాస్తూ ఉండనా?” అనడిగింది. సంక్రాంతి దాకా రాయమన్నాను.

కొత్త కంప్లెయింటు స్లిప్పులు అచ్చుకిచ్చాను. పేరు, ఫోను నంబరు తర్వాత ‘ఎన్నింటికి?’ అని ఒక గడి. కుర్రాడు దాన్ని చివర్న పెట్టాడు. ‘ఏమైంది?’ కన్నా పైకి జరపమన్నాను.