ఆపే హక్కు

స్త్రీకి శరీరముందని, దానికి వ్యాయామం కావాలని చలం అన్న మాట మన సభల్లో విననివాళ్ళుండరు. ఆ మాటలోని మెదడు గురించీ హృదయం గురించీ చాలా రాసుకున్నాం. శరీరం దగ్గరికొచ్చేసరికి హింస గురించి, ప్రసవాల గురించి, మీదపడే చూపుల గురించి రాశాం. అవి రాయాల్సినవే. కానీ ఈ ఒంటికి బలమెలా వస్తుంది, ఎంత మోయగలదు, ఎక్కడ ఆపాలి? సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను ఈ ప్రశ్నలు విన్నది ఏ సెమినార్‌లోనూ కాదు. 2022లో జిల్లా కేంద్రమైన మా నంద్యాలలో, ఆడవాళ్ళకు జిమ్‌లో వ్యాయామం నేర్పే ఒకామె దగ్గర.

కొత్తగా చేరినవాళ్ళను ఆమె ముందుగా తూకం ఎక్కించదు. కూర్చోబెట్టి అడుగుతుంది. కాన్పులెన్ని, ఆపరేషన్లేమైనా అయ్యాయా, బీపీ, షుగర్ ఉన్నాయా, దగ్గినప్పుడు మూత్రం పడుతుందా, ఏం తింటావు, ఎన్నిగంటలు పడుకుంటావు. ఆయాసపడేవాళ్ళను రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసాన్ని బద్ధకమనే ముందు ఈ అంకె గుర్తుండాలి. స్త్రీల ఆరోగ్యం మీద 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆమె చూసి ఉండకపోవచ్చు. కానీ ఆమె అడిగే తీరు ఆ పుస్తకానికి చుట్టమే.

ఆమె నియమాలు సాదావి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం సరిగ్గా వచ్చాకే చేతికి బరువిస్తుంది. దాన్ని కొద్దికొద్దిగానే పెంచుతుంది. కండ సలపడం వేరు, కీలులో పోటు వేరు. పోటొస్తే ఆపెయ్యాల్సిందే. భంగిమ సరిచెయ్యడానికి ఒంటిమీద చెయ్యి వెయ్యాలంటే ముందు అడుగుతుంది. నెలలో పదికిలోలు తగ్గిస్తానని మాటివ్వదు, పొడులు అమ్మదు. తను లేకుండా చేసుకోగలిగిననాడే నేర్పినట్టంటుంది.

అన్నిటికంటే ఆమె పట్టుబట్టేది విరామం గురించి. బరువెత్తేటప్పుడు కండ అలుస్తుంది. తిండీ నిద్రా దొరికాక, తేరుకుంటూ గట్టిపడుతుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచినప్పుడు మనం ఆ బరువునే చూశాం. అంత బరువు వెనక ఎంత తిండి, ఎంత నిద్ర, ఎన్ని విరామాలు ఉండాలో ఎవరం ఆలోచించలేదు.

ఆళ్లగడ్డలో ఉండే మా అమ్మకు ఇవన్నీ చెబితే నవ్వింది. "నాకేం తక్కువమ్మే ఎక్సర్‌సైజు? కేసీ కాలవ కింద ముప్పై ఏండ్లు నాట్లేసినా" అంది. కాసేపాగి, "మోకాళ్ళే పట్టేసినాయి" అంది. నన్ను చదివించింది ఆ మోకాళ్ళే, ఆ నడుమే. ఇంటిపని చేసుకుంటే చాలదా, జిమ్ములెందుకని అడిగే మగవాళ్ళకు నా దగ్గరున్న జవాబు మా అమ్మే. నాట్లలో బరువు ఆమె ఓపికను బట్టి పెరగలేదు. నెలసరికీ బాలింతతనానికీ తగ్గలేదు. పోటొచ్చినా మడి ఆగలేదు. కదలిక రెండుచోట్లా ఉంది. ఆపే హక్కు మాత్రం ఒక్కచోటే ఉంది.

మా ఆళ్లగడ్డ శిల్పులు పెద్దరాయిని ఒక్కరే ఎత్తాలని చూడరు. పదిచేతులు పడతాయి, లేదా యంత్రమొస్తుంది. రాయి పగుల్తుందని ఉన్న బెంగ ఆడదాని నడుం గురించి ఏ ఇంట్లో ఉంది?

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని, రెండురోజులైనా కండబలం పెంచే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ నిమిషాలు ఎవరి పనిలోంచి మిగలాలో చెప్పలేదు. మొన్న జిమ్‌లో "రేపు రెస్ట్" అనగానే ఒకామె, "ఆ మాట మా ఇంట్లో నువ్వే చెప్పక్కా" అంది. అందరం నవ్వాం. ట్రైనర్ నవ్వలేదు. ఆమెకు మర్నాడు ఇంట్లో ఏమేం పనులున్నాయో ఒక్కొక్కటే అడిగి, ఆ రోజు బరువు సగానికి తగ్గించింది.

ఆమె తగ్గించగలిగింది ఆ బరువొక్కటే. మిగతాది ఇంట్లో దించాలి. అంట్లగిన్నెలు ఎవరు తోముతారన్నది తేలకుండా ఏ శిక్షణా ఆడవాళ్ళకు ఎక్కువకాలం నిలవదు.