బీడీ మాన్పించడానికి వేప్ పనికొస్తుందా?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో ఒక ఆలోచన ఉంది. ఇక్కడి ప్రభుత్వ వైద్యులే సిగరెట్ మానడానికి వేప్ వాడమంటున్నారు కదా, ఊళ్లో బీడీ వదలని నాన్నకో మామయ్యకో ఒకటి తీసుకెళ్తే తప్పేముంది అని. చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 2019 నుంచి భారతదేశంలో వేప్‌ల, అంటే ఈ-సిగరెట్ల, తయారీ, దిగుమతి, అమ్మకం నేరం. కానీ చట్టం వద్దన్నంత మాత్రాన శాస్త్రం తప్పయిపోదు. బ్రిటన్ పరిశోధన నిజమేనని నేనూ నమ్ముతాను. అది మన కుప్పం లాంటి ఊళ్లలోని బీడీకి కూడా వర్తిస్తుందన్న నమ్మకమే నాకు లేదు.

బ్రిటన్‌లో పీటర్ హాయెక్ అనే పరిశోధకుడి బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో సిగరెట్ మానాలనుకున్న 886 మంది ఉన్నారు. కొందరికి ఈ-సిగరెట్, మిగతావారికి నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత మొదటివారిలో 18 శాతం, రెండోవారిలో 9.9 శాతం పొగ మానేసి ఉన్నారు. మానేశామని నోటిమాటగా చెబితే సరిపోలేదు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచి మరీ లెక్కవేశారు. ఈ-సిగరెట్‌తో మానేసినవారిలో 80 శాతం ఏడాది తర్వాతా వేప్ పీలుస్తూనే ఉన్నారు కదా, ఇక వ్యసనం పోయిందెక్కడ అని కొందరంటారు. నికోటిన్ పోలేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ మనిషిని ఎక్కువగా చంపేది పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, విషవాయువులు. పొగతాగేవాడికి అవి తప్పడం పెద్ద లాభం. ఎన్నడూ పొగ ముట్టని పిల్లవాడికి మాత్రం వేప్ వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

అయితే ఆ 886 మందీ ప్రభుత్వ ధూమపాన విరమణ కేంద్రాలకు తమంతట తాము వచ్చినవారు. ఏ పరికరం ఇచ్చినా, కనీసం నాలుగు వారాలు వారంవారం ఎదురుగా కూర్చుని మాట్లాడే సలహాదారు ఉన్నాడు. కుప్పం పెట్టెంగడిలో కట్టగా కొనుక్కునే బీడీ వేరు, దాన్ని తాగేవాడి బతుకు వేరు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతమే. తునికాకు చుట్టిన బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, పదేపదే పీల్చాలి. దానికి అలవాటుపడినవాడికి వేప్ ఆనుతుందా? వేప్ ద్రవం ప్రతి నెలా కొనగలడా? ఈ ప్రశ్నలు ఆ అధ్యయనం అడగనే లేదు.

ఊరు మారితే ఫలితం మారుతుందని మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. బీసీజీ టీకా బ్రిటన్ బడిపిల్లల్లో క్షయను నాలుగింట మూడొంతులకు పైగా తగ్గించింది. అదే టీకాను ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో 1950లలో పరీక్షిస్తే రక్షణ చాలా తక్కువని తేలింది. తర్వాత చెంగల్పట్టులో జరిగిన భారీ పరీక్ష, పెద్దల ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేకపోయిందని 1979లో తేల్చింది. పసిపిల్లలకు వచ్చే మెదడుపొర క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టే ఇప్పటికీ ఆ టీకా వేస్తున్నాం. అంటే మందును పక్కన పెట్టలేదు, ఎవరికి పనికొస్తుందో మన ఊళ్లలో చూసుకుని వాడుకున్నాం.

వేప్‌ను కూడా అలా మన ఊళ్లలో పరీక్షించేదాకా బీడీ తాగేవాణ్ని గాలికొదిలేయాలా అనేవారికి జవాబు పొరుగు దేశాల్లో ఉంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో పొగతాగే 2,472 మంది క్షయ రోగులకు సిటిసిన్ అనే మాత్రను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. మాత్ర వేసుకున్నవారిలో 32.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 29.7 శాతం ఆరు నెలలు పొగ మానారు. తేడా స్వల్పమే. రెండు వర్గాలకూ ఉమ్మడిగా అందింది ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన సలహా. సలహా అందనివారితో పోల్చలేదు కాబట్టి ఘనతంతా దానిదేనని అనలేం. జబ్బుపడ్డ భయం కూడా పనిచేసి ఉంటుంది. అయినా బ్రిటన్ అధ్యయనంలోనూ ఇందులోనూ కనిపించే ఆ సలహాకు మన దేశంలో ఏ చట్టమూ అడ్డం కాదు, ఖర్చూ తక్కువ.

కాబట్టి సెలవులకు వెళ్లేటప్పుడు సూట్‌కేసులో వేప్ పెట్టుకోకండి. నాన్నను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, బీడీ మానే సంగతి మీరే కదపండి. పొగాకు మానాలనుకునేవారికి ఉచిత జాతీయ సహాయ సంఖ్య 1800-11-2356. దాన్ని ఆయన ఫోన్‌లో ఎక్కించి, మొదటి కాల్ మీరు పక్కనుండగానే చేయించండి.