గడప బయట నీరెండ

‘‘ఎండ చూసొద్దాం పదరా’’ అంది అక్క. నవ్వొచ్చింది. హైదరాబాద్‌ నుంచి వెళ్లినవాడికి ఎండ చూపిస్తానంటే నవ్వు రాదూ!

అప్పటికి నేను మినియాపొలిస్‌ చేరి పది రోజులు. కెనడాకి ఆనుకుని ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో అక్కావాళ్లది పన్నెండేళ్ల కాపురం. జనవరిలో అక్కడ గడ్డకట్టిన చెరువుల మీద కార్లు నడుపుతారు. ఊరి నడిబొడ్డున జనం వీధిలోకి దిగకుండా భవనానికీ భవనానికీ మధ్య అద్దాల వంతెనలు కట్టుకున్నారు. చెత్త పడేసి రావాలన్నా బూట్లూ కోటూ టోపీ తొడుక్కోవాలి. ఆ పది రోజుల్లో నా చర్మానికి ఎండ తగిలిందే లేదు. అక్క మాట అప్పుడు అర్థమైంది.

2024లో సంక్రాంతి జనవరి 15, సోమవారం. అమెరికాలో అదే రోజు మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ సెలవు. శనాదివారాలు కలిపితే మూడు రోజులు. పైగా బావకి ఫీనిక్స్‌ ఆఫీసుకి బదిలీ అయ్యే అవకాశం వచ్చింది. అంటే ఇది విహారయాత్రే కాదు, ఊరికి పెళ్లిచూపులు కూడా!

బయల్దేరేటప్పుడు దాదాపు మైనస్‌ 18 డిగ్రీలు. మూడున్నర గంటల్లో విమానం ఎడారిలో దింపింది. అక్కడ 20 లోపే. ఊరివాళ్లు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంటే మా మేనకోడళ్లు లాగులూ పొట్టిచేతుల చొక్కాలూ వేసుకుని గంతులేస్తున్నారు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో బట్టలు చూసి చెప్పేయొచ్చు.

ఎడారంటే ఇసుక దిబ్బలనుకున్నా. ఇళ్ల ముందు నారింజ చెట్లు, గోడలమీద కాగితంపూలు. కొన్నిచోట్ల పచ్చిక కూడా. కొలరాడో నది నీళ్లు 540 కిలోమీటర్ల కాలువలో వస్తాయట. బొటానికల్‌ గార్డెన్లో సవారో జెముడు చెట్లు చూశాం, తాటిచెట్లలా నిటారుగా. ఒక కొమ్మ రావడానికే యాభై ఏళ్లు పైబడుతుందంటే పిల్లలు నమ్మలేదు. మిగతా చూసినవాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అక్క ఎక్కడికీ రానంది మరి. అద్దెకు తీసుకున్న ఇంటి పెరట్లో కుర్చీ వేసుకుని, వీపు ఎండకి పెట్టి, నారింజలు ఒలుచుకుంటూ కూర్చుంది. ‘‘నీరెండ రా... ఈ మాటే మర్చిపోయాను’’ అంది.

సంక్రాంతి పొద్దున నేను లేచేసరికి గడప బయట గచ్చు మీద ముగ్గు! బియ్యప్పిండితో, పదకొండు చుక్కలు. ‘‘మనింట్లో ఎప్పుడూ వెయ్యలేదే?’’ అని చిన్నది అడిగింది. మంచు మీద తెల్లపిండి ఏం కనిపిస్తుంది?

పక్కింటాయన ముగ్గు చూసి ముచ్చటపడ్డాడు. విస్కాన్సిన్‌ నుంచి ఏటా చలికాలానికి వచ్చే పెద్దాయన. ఇలాంటివాళ్లని ‘స్నోబర్డ్స్‌’ అంటారట, మంచు పిట్టలన్నమాట. ఏప్రిల్‌ రాగానే వెళ్లిపోతామన్నాడు. ‘‘జులైలో ఈ గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడలేవమ్మా’’ అన్నాడు అక్కతో.

అది మాటవరసకి అన్నది కాదు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఒక్క ఏడాదే ఫీనిక్స్‌ ఉన్న మారికోపా కౌంటీలో 645 మంది వేడికి సంబంధించిన కారణాలతో చనిపోయారు. కాలిబాట మీద పడిపోయినవాళ్లు కాలిన గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు. మేం చూసిన సవారోలు ఎడారిలో పుట్టినవే కదా, వాటిలోనూ కొన్ని ఆ వేసవికి తట్టుకోలేక కూలాయి.

‘‘అక్కడ చలికి ఐదు నెలలు తలుపులేసుకుంటాం. ఇక్కడ ఎండకి వేసుకోవాలి. అంతేగా?’’ అంది అక్క. బావ ఏమీ మాట్లాడలేదు. ఇల్లు ఖాళీ చేసేముందు పైపుతో గచ్చు కడగబోతే మాత్రం ‘‘ఉండనీండి’’ అని ఆపింది.

మినియాపొలిస్‌లో దిగి, చేతుల్లో మోసుకొచ్చిన కోట్లు మళ్లీ తొడుక్కున్నాం. కారు మీద జానెడు మంచు.

బదిలీ వద్దనుకున్నారు. కానీ 2025 జనవరి సెలవుకీ అదే ఇంటికి వెళ్లారు. అప్పటికి పండగై ఆరు రోజులు. అయినా అక్క నాకు ముగ్గు ఫొటో పంపింది. ఈసారి పదిహేను చుక్కలు. రెండు వంకరపోయాయి... అవి చిన్నది పెట్టినవట.