గోడమీది పాఠము

బాలికకు బొమ్మ నిచ్చుట ఆటకనియు, పుస్తక మిచ్చుట చదువునకనియు మనము తలంతుము. ఈ రెండింటిని వేఱుచేయని జాతి యొకటి గలదు. ఉత్తర అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రపు ఈశాన్యభాగమున, బల్లపరుపుగా నుండు మూడు కొండలపైనను వాని చెంతను నివసించు హోపీలే యా జాతి. చదువు చెప్పుటయే జీవనముగా గల నాకు వారి బొమ్మలు చెక్కువాని కథ నా వృత్తిని గూర్చిన ప్రశ్నగానే తోచుచుండును.

హోపీలు వాన చాలని నేలలో మొక్కజొన్న పండించుకొను కృషీవలులు. మేఘములతోను పితరులతోను సంబంధముగల కాత్సినలను దివ్యశక్తులు ఏటేట శీతకాలమున తమ యూళ్లకు వచ్చి, జూలైలో జరుగు నీమాన్ ఉత్సవము పిమ్మట సాన్ ఫ్రాన్సిస్కో శిఖరములకు మరలిపోవునని వారి నమ్మకము. ఆ ఉత్సవములందు కాత్సినలు బాలికలకు కొయ్యబొమ్మల నిత్తురు. అట్టి బొమ్మ పేరు 'తిహు'. దానిని ఇంటిగోడకు వ్రేలాడదీయుదురు. అది పూజించు విగ్రహము గాదు, ఆడి పారవేయు వస్తువును గాదు. కాత్సినలు రెండువందలకు మించి యున్నవి. దేని ముఖ మెట్టిది, దేని రంగేది అని బాలిక నిత్యము చూచి నేర్చుకొనును. ఆమె చల్లగా పెరుగవలెనను ఆశీర్వాదమును అందే యున్నది.

దానిని చెక్కువాడు సాధారణముగా తండ్రియో మేనమామయో యగును. కాటన్‌వుడ్ అను చెట్టు వేరును వెదకి తెచ్చుటతో ఆతని పని యారంభమగును. ఆ వేరు తేలికయైనది, మెత్తనిది. నీటిని వెదకుచు పోవు వేరు గనుక, నీటికై ప్రార్థించు జాతికి అది తగియున్నది. కత్తితో చెక్కి, ఆకురాయితో రాచి, ఇసుకరాతితో నునుపు చేసి, తెల్లమట్టి పూయుదురు. దానిపై ఇనుపమన్నుతో ఎఱుపును పసుపును, రాగిఖనిజముతో నీలిపచ్చయును, మసితో నలుపును దిద్దుట పూర్వపు పద్ధతి. తుదకు ఈకలు గట్టుదురు. ప్రాతబొమ్మలపై చెక్కినవాని పేరుండదు. ఇచ్చినది కాత్సిన గదా!

ఇంటింట ఈ పాఠము సాగుచుండగా, అమెరికా ప్రభుత్వము వేఱొక చదువును బలవంతముగా దెచ్చెను. బిడ్డలను దూరపు బడులకు పంప నొల్లకయు, భూముల విషయమున ప్రభుత్వము నెదిరించియు నిలిచిన 19 మంది హోపీలను 1895 జనవరి మొదలు ఆగష్టు వఱకు ఆల్కట్రాజ్ ద్వీపపు చెఱలో నుంచెను. విద్య యెల్లరకును, బాలికలకు మఱింతగను, వలయునని నమ్మినవాడను నేను. అయినను, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, తల్లిభాషను మాన్పించు బడిని విద్యాలయమనుటకు నా నోరాడదు. ఇంట నేర్చినదానిపై కట్టవలసినదే బడిచదువు. దానిని కూల్చి కట్టుట చదువు గాదు.

తరువాత బొమ్మకు బజారు వచ్చెను. నేడు పలువురు శిల్పులకు అమ్మకమే జీవనాధారము. అమ్మెడి బొమ్మపై పేరు వ్రాయుదురు, ఆక్రిలిక్ రంగులును వాడుదురు. ధనమునకు ధర్మము నమ్ముకొనిరని వారిని దూషింపజాలను, బిడ్డలకు అన్నము పెట్టుటయు ధర్మమే. కాని అమ్మరానివియు గలవు. 2013 ఏప్రిల్‌లో పారిస్ నగరమున కాత్సినల పవిత్రముఖములను వేలమునకు బెట్టగా, హోపీలు వలదని మొఱపెట్టుకొనిరి. న్యాయస్థానము ఆప నిరాకరించెను. ఆ డిసెంబరులోనే మఱియొక వేలము జరుగగా, ఆన్నెన్‌బర్గ్ సంస్థ 24 వస్తువులను కొని, హోపీలవి 21 వారికిని, తక్కిన 3 సాన్ కార్లోస్ అపాచీలకును తిరిగి యిచ్చుటకు బూనెను. కొనుటకు చాలిన ధనమున్నంత మాత్రమున ఉంచుకొను హక్కు కలుగదని ఆ దాతలు గ్రహించిరి.

సంస్కారము గోరు మనము పరుల యింటి గోడపై బొమ్మను జూచినపుడు, "ఇది మూఢాచారమా?" యని యడుగుటకు ముందు "ఇది యెవరికి ఏమి నేర్పుచున్నది?" యని యడుగవలయును. ఎండిన నేలలో నీటిని వెదకిన వేరును దెచ్చి, దానికి ముఖము దిద్ది, తన పేరు చెప్పుకొనక ఒక చిన్నపిల్లకు చేరునట్లు చూచు మనుజుని నేను ఉపాధ్యాయులలో నొకనిగానే లెక్కింతును.